ఇనాం అంటే చేతులు తీసేయాలి

నేను ఒక మనిషిని కొట్టాను. అతను చనిపోయాడు. ఇన్నేళ్లుగా నేను మోస్తున్న బరువులో ఇది సగమే. మిగతా సగం, అతను చనిపోయాక నేనన్న ఒక్క మాట. కొట్టిన సంగతి ఆ రోజే బయటపడింది. దానికి నన్ను కోప్పడ్డవాళ్లు కోప్పడ్డారు, జాలిపడ్డవాళ్లు జాలిపడ్డారు. ఆ మాట అబద్ధమని మాత్రం ఎవరికీ తెలియదు. పుష్కరం దాటింది. ఇప్పుడు మీకు తెలుస్తుంది.

నా పేరు రాయను. పాలమూరు జిల్లాలో ఒక తాలూకా దవాఖాన అనుకోండి, చాలు. పేరు రాయకపోవడం పిరికితనం కాదా అని మీరు అడగవచ్చు. పిరికితనమే. కానీ పేరు రాయాల్సి వస్తే ఈ మాత్రం కూడా రాయను. నా సంగతి నాకు తెలుసు.

మాది నల్లగొండ వైపు సేద్యం చేసుకునే కుటుంబం. మా ఇంట్లో నోటికంటే చెయ్యి ముందు లేచేది. ఎడ్లు సాలు తప్పితే ఎడ్లకు, జీతగాడు పొద్దెక్కి వస్తే జీతగాడికి, నాకు ఎక్కాలు రాకపోతే నాకు. కొట్టిన కాసేపటికే మా బాపు, అంటే మా నాన్న, పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టించేవాడు. ఏమీ జరగనట్టే మాట్లాడేవాడు. కొట్టడం పెద్ద విషయం కాదనీ, కొట్టించుకున్నవాడు కాసేపటికి మరిచిపోతాడనీ నేను అక్కడే నేర్చుకున్నాను. నేను మరిచిపోయానా? లేదు. మరి ఎదుటివాడు మరిచిపోతాడని ఎలా నమ్మాను? ఈ ప్రశ్న అప్పుడు తట్టలేదు. వైద్యం చదువుకు పట్నం పోతూ ట్రంకు పెట్టెలో బట్టలూ పుస్తకాలూ సర్దుకున్నాను. ఆ చెయ్యి కూడా నాతోనే వచ్చింది.

యాభై ఆరులో కొత్త రాష్ట్రం ఏర్పడ్డాక, ఆ తొలి ఏళ్లలో, చదువు చివరికొచ్చిన మమ్మల్ని కొందరిని ఆ తాలూకా దవాఖానకు పంపారు. అక్కడి పెద్ద డాక్టరు గారిని అందరూ పెద్దసారు అనేవారు. మిలిటరీలో పనిచేసి వచ్చిన మనిషి. అరవడు, తిట్టడు. ఆయన ముందు నిలబడితే మాత్రం మనం చేసిన తప్పు మనకే గుర్తొచ్చేది.

మేం చేరిన కొద్ది రోజులకే ఒక ఆడమనిషిని బండి మీద తెచ్చారు. మూర్ఛ. కాళ్లూ చేతులూ కొట్టుకుంటోంది, నోట్లోంచి నురగ. పెద్దసారు ఆపరేషన్ గదిలో ఉన్నారు. మేమంతా ఒకేసారి మీద పడ్డాం. ఒకడు కాళ్ల మీద కూర్చున్నాడు, ఇద్దరు చేతులు అదిమి పట్టారు. నాలుక కొరుక్కుంటుందని నేను ఇనుప చెంచా తెచ్చి పళ్ల మధ్య దూర్చాను. పోలేదు. ఇంకా గట్టిగా తోశాను. ముందు పళ్లు విరిగాయి. నెత్తురు గొంతులోకి పోయింది. వెల్లకిలా అదిమి పెట్టిన మనిషి ఎటు తిరుగుతుంది? మా చేతుల కిందే ఊపిరాడక పోయింది.

ఆమె అన్నదమ్ములు అద్దాలు పగలగొట్టారు. బండి కర్రలు పీక్కొచ్చి దొరికినవాణ్ణి దొరికినట్టు బాదారు. మా వాడొకడికి భుజం ఎముక విరిగింది. నేను మందుల బీరువా వెనక దాక్కున్నాను. పోలీసులు వచ్చాకే బయటికి వచ్చాను.

పెద్దసారు మమ్మల్ని ఆ గదిలోకి పిలిచారు. నేల మీద పడి ఉన్న పన్ను ఒకటి తీసి బల్ల మీద పెట్టారు.

"గీమె పేరేంది?" అని అడిగారు.

ఎవరికీ తెలియదు. అడగలేదు.

"మనిషి మీద నేర్సుకుంటే గిట్లనే ఉంటది," అన్నారాయన. "తప్పులు చేయకుంట ఎవ్వడూ నేర్సుకోడు. గా తప్పులు సావనోని మీద చేసేటట్టు ఏదన్న ఉపాయం జూడాలె."

ఆ ఉపాయం తనంతట తానే దవాఖానకు నడిచి వచ్చింది.

ఊళ్లో అప్పుడు పగటి వేషాలవాళ్లు దిగి ఉన్నారు. కొత్తకోట పోయే రోడ్డు పక్కన గుడిసెలు వేసుకున్నారు. వాళ్లలో నర్సింలు అని ఒకడు. సన్నటి మనిషి, పెద్ద కళ్లు. ఒక రోజు పోలీసు జమేదారుగా వచ్చి అంగడిలో తరాజులూ తూకపు రాళ్లూ తనిఖీ చేసేవాడు. ఇంకో రోజు మొగుడు పారిపోయిన ఆడదానిలా వచ్చి తహసీలు కచేరీ ముందు శాపనార్థాలు పెట్టేవాడు. నిజం జమేదారు వచ్చి చెంప పగలగొట్టినా వేషం దించేవాడు కాదు. కుక్కలు మీద పడ్డా, పిల్లలు రాళ్లు వేసినా అంతే. అన్నీ అయ్యాక చేతులు జోడించి, "ఇనాం ఇప్పియ్యుండ్రి దొరా" అనేవాడు. ఆ మాట వచ్చాకే అతను మళ్లీ నర్సింలు.

ఒక పొద్దున దవాఖాన వరండాలో రోగుల వరసలో ఒకడు విరుచుకుపడ్డాడు. కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నాయి, నోటి నిండా నురగ.  ఎవరమూ ముందుకు పోలేదు. పెద్దసారే పరుగున వచ్చి అతన్ని పక్కకు తిప్పి పడుకోబెట్టారు, తల కింద తన కోటు పెట్టారు, చుట్టూ ఉన్నవాళ్లను దూరం జరిపారు. పడ్డవాడు కళ్లు తెరిచాడు.

"మంచిగ జూసిన్రు దొరా. ఇనాం ఇప్పియ్యుండ్రి."

పెద్దసారు వంగి ఆ నురగ వాసన చూశారు. "కుంకుడుకాయ!" అని నవ్వారు. ఆ ఆడమనిషి పోయాక ఆయన నవ్వడం అదే మొదలు.

అలా నర్సింలు మాకు రోగి అయ్యాడు. మిలిటరీలో సిపాయిలకు రంగులతో ఉత్తుత్తి గాయాలు పెట్టి, పడుకోబెట్టి, తమకు అలాగే నేర్పారని పెద్దసారు చెప్పారు. నర్సింలు వార్డుల్లో మూలన కూర్చుని అసలు రోగుల్ని చూసేవాడు. రెండు మూడు రోజులు చూస్తే చాలు, ఆ రోగం అతని ఒంట్లోకి దిగేది. పసుపూ సున్నమూ కలిపి నెత్తురు చేసేవాడు. కల్లు తాగి కొట్టుకున్నవాడిగా, తాటిచెట్టు మీంచి పడ్డ గీతగాడిగా, పురుగు ముట్టినవాడిగా, అంటే పాము కరిచినవాడిగా, వచ్చేవాడు. ఏ రోజు ఏ రోగమో మాకు ముందు చెప్పేవారు కాదు. వెన్ను విరిగిన గీతగాడి వేషంలో అతన్ని చంకల కింద చేతులు వేసి ఎత్తి మేం ఎన్నిసార్లు 'చంపామో'. అందువల్లే, నిజంగా చెట్టు మీంచి పడ్డ మనిషిని తెచ్చినప్పుడు తలుపు చెక్క మీదికి జరిపి కదలకుండా మోశాం. ఆ మనిషి బతికాడు. నడిచి ఇంటికి పోయాడు. ఆ పద్ధతి పనికొచ్చేదని నేను సాక్ష్యం చెప్పగలను. తర్వాత దాన్ని చంపింది నేనే కాబట్టి ఆ సంగతి ముందే చెప్పాలి.

ఒక్క నియమం ఉండేది. మొదటి రోజే పెద్దసారు మా అందరినీ నిలబెట్టి చెప్పారు.

"గీయన ఇనాం అన్నడంటే ఆట అయిపోయినట్టు. చేతులు తీసెయ్యాలె. సూది గుచ్చుతున్నా, మందు పోస్తున్నా, అప్పటికప్పుడు ఆగాలె. సమజైందా?"

సమజైందన్నాం. అందరికంటే గట్టిగా నేనే అన్నాను.

చదువులో నేనే ముందుండేవాణ్ణి. పుస్తకంలో ఏ పేజీలో ఏముందో చెప్పేవాణ్ణి. ఆ పొగరు నాకుండేది. నర్సింలు ముందు మాత్రం ఆ పేజీలు పనికిరాలేదు. ఆట అయ్యాక అతను లేచి కూర్చుని, ఎవరు ఎలా చూశారో పెద్దసారుకు చెప్పేవాడు. ఫలానాయన చెయ్యి మెత్తగా ఉంది, ఫలానాయన మంచి మాట చెప్పాడు. నా వంతు వచ్చేసరికి, "చిన్నసారు జర జల్దిగున్నడు" అనేవాడు. అంతే. అదీ నాకు గుచ్చుకునేది. వీధుల్లో అడుక్కునేవాడు నాకు మార్కులు వేయడం ఏమిటని ఒళ్లు మండేది.

ఒకరోజు ధనుర్వాతం వేషం కట్టాడు. ఆ రోగం మీకు తెలియకపోతే చెబుతాను. పుండులోంచి విషం ఎక్కి ఒళ్లంతా బిగుసుకుపోతుంది. దవడలు కరుచుకుంటాయి. మూతి రెండు వైపులకూ లాక్కుపోయి మనిషి నవ్వుతున్నట్టు కనిపిస్తాడు. తెలివి మాత్రం పోదు, అన్నీ తెలుస్తుంటాయి. చిన్న చప్పుడు, కాస్త వెలుతురు, ఎవరి చెయ్యో తగలడం, ఏదైనా చాలు, ఒళ్లు విల్లులా వంగిపోతుంది. చీకటి గదిలో, చప్పుడు లేకుండా, ముట్టుకోకుండా ఉంచాలి. ఇదంతా నాకు కంఠస్థం. కానీ ఆ రోజు నేను తలుపు దబ్బున తోసుకుని పోయాను. కిటికీ తెరిచాను. పలకలేదని చెంప మీద ఒకటి వేశాను. దవడ పట్టుకుని గుంజాను. నర్సింలు తలా మడమలే మంచానికి ఆనేలా వంగి, ఊపిరి బిగబట్టి, 'చనిపోయాడు'.

"ఎట్ల జూసిండు మా చిన్న డాక్టరు?" అని పెద్దసారు అడిగారు.

నర్సింలు లేచాడు. లేని చొక్కా చేతులు పైకి మడిచాడు. గొంతు సవరించుకున్నాడు. గడ్డం కాస్త పైకెత్తి, మంచం చుట్టూ నాలాగే నడిచి, ఖాళీ మంచం మీదికి వెనక చేత్తో ఒక్కటి విసిరాడు. "ఏయ్, లే!" అన్నాడు. నా గొంతే. నా నల్లగొండ యాసే. అది నేనే. ఇంకా చెప్పాలంటే, అది మా బాపు.

అందరూ నవ్వారు. పెద్దసారు నవ్వారు. తలుపు దగ్గర నిలబడ్డ ఆయా కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వకపోతే బాగుండదని నవ్వాను. తల కొట్టేసినట్టయింది నాకు.

అతను ఎగతాళికి చేశాడా? ఇన్నేళ్లు ఆలోచించాక, కాదనే అనుకుంటున్నాను. అడిగిన దానికి తనకు తెలిసిన పద్ధతిలో జవాబు చెప్పాడు. వేషం తప్ప అతనికి వేరే భాష లేదు. అప్పుడు మాత్రం నాకు కనిపించింది నా మొహం పెట్టుకుని నవ్వించినవాడే.

ఆ తర్వాతి ఆటలో అతను పక్షవాతం వచ్చినవాడు. పాదంలో స్పర్శ ఉందో లేదో పిన్నుతో చూడాలి. పైపైన తాకిస్తే చాలు. నేను కట్లు కట్టే గదిలో నేల మీద దొరికిన పిన్ను తీసుకుని అరికాల్లోకి దించాను. ఇంకా దించాను. అటూ ఇటూ తిప్పాను. కాలు కదలలేదు. నుదుటి మీద చెమట పట్టింది, కంటి కొసన నీళ్లు వచ్చాయి. నావైపే చూస్తున్నాడు. ఇనాం అనలేదు. 'అను, అంటే తీస్తాను' అని లోపల అనుకుంటున్నాను. పక్కవాడు చూస్తున్నాడని చివరికి నేనే తీశాను. ఆట అయ్యాక అతను కుంటుతూ పోతుంటే, దాచడం ఎందుకు, నాకు హాయిగా అనిపించింది.

ఒక వారం గడిచిందేమో. కృష్ణ ఒడ్డున ఆత్మకూరు వైపు ఊళ్లలో కలరా అని పెద్దసారు ఇద్దరిని వెంటబెట్టుకుని జీపులో పోయారు. మిగతావాళ్లు సెలవు పెట్టి బస్సెక్కారు. దవాఖానలో నేనొక్కణ్ణే. కాంపౌండరు అన్నానికి ఇంటికి పోయాడు, ఆయా వెనక ప్రసూతి గదిలో ఉంది. మధ్యాహ్నపు ఎండ. వరండాలో పిట్ట కూడా లేదు.

నర్సింలు గోడ పట్టుకుని వచ్చాడు. మెడ తిప్పకుండా, కాళ్లు చాచి చాచి వేస్తూ నడుస్తున్నాడు. నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

మొహం నిండా నవ్వు.

మళ్లీ అదే వేషం అనుకున్నాను. ఎవరూ లేని వేళ చూసి నన్ను ఆడించడానికి వచ్చాడనుకున్నాను. "ఏందిరా ఇకిలిస్తున్నవ్?" అన్నాను. నవ్వు పోలేదు. ఏదో చెప్పబోయినట్టు గొంతులో చప్పుడు వచ్చింది. కొట్టాను. చెంప మీద, వెనక చేత్తో, అతను నాకు చూపించిన తీరులోనే. అతను నిలువునా పడ్డాడు. పడ్డవాడి ఒళ్లు విల్లులా లేచింది. దాంతో నాకు కోపం ఇంకా పెరిగింది. ఎంత బాగా చేస్తున్నాడో అని కోపం. కాలితో తన్నాను. జుట్టు పట్టుకుని ఎండలోంచి లోపలికి ఈడ్చాను. బల్ల తగిలి ఇనుప ట్రే దడాలున కింద పడింది. ఆ చప్పుడుకు అతను మళ్లీ వంగిపోయాడు.

అప్పుడు అన్నాడు. పళ్లు కరుచుకుపోయి ఉన్నాయి, పళ్ల సందుల్లోంచే అన్నాడు.

"ఇనాం."

సగమే వినిపించిందని, గాలి శబ్దం అనుకున్నానని, ఎన్నోసార్లు నాకు నేనే చెప్పి చూసుకున్నాను. కుదరలేదు. పూర్తిగా విన్నాను. వినగానే ఏమనిపించిందో కూడా గుర్తుంది. 'ఇంత చేసి పైగా బక్షీసు అడుగుతున్నాడు' అనిపించింది. ఊళ్లో ఆ మాటకు ఉన్న అర్థమే పట్టుకున్నాను. దవాఖానలో ఆ మాటకు మేం ఇచ్చుకున్న అర్థం నాకు అక్కర్లేకపోయింది. మరిచిపోయానా? అంత గట్టిగా సమజైందని చెప్పినవాణ్ణి ఎలా మరిచిపోతాను?

"ఇస్తరా ఇనాం" అన్నాను. మళ్లీ కొట్టాను. నోరు తెరిపించి ఆ నవ్వు పోగొట్టాలని చెంచా తీసుకున్నాను. అవును, చెంచాయే. పళ్ల మధ్య పెట్టి తిప్పాను. పన్ను విరిగిన చప్పుడు నా వేళ్లకు తెలిసింది.

మెడ కింద చెయ్యి పెట్టింది అప్పుడే. కట్టెలా ఉంది. ఏ వేషగాడూ అంతసేపు అలా బిగించి ఉంచలేడు. ఒళ్లంతా చెమట, జ్వరం. కుంకుడు వాసన లేదు, పసుపు వాసన లేదు. మొహానికి ఏ రంగూ లేదు. అతను ఏ వేషమూ కట్టుకుని రాలేదు. మందు కోసం వచ్చాడు. నాకు తెలిసిపోయింది.

తెలిశాక కూడా ఒక దెబ్బ పడింది.

దీన్ని ఎలా చెప్పాలో తెలియక ఇన్నేళ్లు ఆగాను. పైకి లేచిన చెయ్యి దానంతటదే దిగిందని అనవచ్చు. భయంతో కొట్టానని అనవచ్చు. నేను తప్పు చేశానని అతని ఒళ్లే నాకు చూపిస్తుంటే, అలా చూపించినందుకు కొట్టానేమో. ఏది నిజమో నాకు తెలియదు. దెబ్బ పడిందన్నది నిజం. అతని కళ్లు తెరిచే ఉన్నాయి, నన్నే చూస్తున్నాయి. ఇంకోసారి ఇనాం అన్నాడు. ఈసారి అడగడంలా లేదు, నాకు గుర్తు చేస్తున్నట్టుంది.

చేతులు తీసేశాను. అప్పుడు. కిటికీలు మూశాను, ఆ విషానికి విరుగుడైన సీరం సీసా వెతికాను. సూది రెండు సార్లు కింద పడింది. మూడోసారి గుచ్చాను. గుచ్చీ గుచ్చగానే మళ్లీ బిగుసుకున్నాడు. గొంతు పట్టేసింది. మొహం నల్లబడింది. ఆ ఊపిరి మళ్లీ రాలేదు. నవ్వు మాత్రం అలాగే ఉంది.

పొద్దు వాలుతుండగా జీపు వచ్చింది. పెద్దసారు శవాన్ని చాలాసేపు చూశారు. పెదవి చూశారు, పన్ను చూశారు, చెంప మీద నా వేళ్లు చూశారు. అరికాలు తిప్పి చూసి, అక్కడ చీము పట్టిన చిన్న పుండు మీద వేలు పెట్టి ఆగారు. నావైపు తిరిగారు.

"కొట్టినవా?"

"వేషమనుకున్న సార్. ఆపమన్న. ఆపలే."

"ఇనాం అన్నడా?"

"అన్లే సార్."

అదీ ఆ మాట. ఆలోచించకుండానే వచ్చింది. ఆయన నా కళ్లలోకి చూశారు. నేను చూపు తిప్పుకోలేదు. అబద్ధం చెప్పేటప్పుడు కళ్లు దించకూడదన్న తెలివి ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు. ఆయన స్టూలు మీద కూర్చుండిపోయారు.

"తప్పు నాది," అన్నారు. "ఇనాం ఎప్పుడనాలెనో గాయినకు ఎరికనే అనుకున్న. మీతోని ఆడించిన. నేనే సంపిన."

'కాదు సార్' అనడానికి నోరు తెరిచి ఉంటే అప్పుడే అయిపోయేది. తెరవలేదు.

మర్నాడు పొద్దున నర్సింలు భార్య వచ్చింది. వెంట వాళ్ల కులపు పెద్దలు. ఆమె ఏడవడం లేదు. నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"అయ్యా, ఒక్కటే చెప్పుండ్రి. నా మొగడు ఆఖరికి ఇనాం అనలేదంటున్నరు. నిజమేనా?"

"అనలేదమ్మా."

"మాట మర్శేటోడు గాదయ్యా. జరమొచ్చినా మర్శేటోడు గాదు. దవడలు గుంజుతున్నయ్, సూది ఏపిచ్చుకొస్త అని చెప్పి వచ్చిండు. చిన్నసారు ఉంటడు, జల్దిగ జూస్తడు అన్నడు."

జల్దిగా చూస్తాడు అన్నాడట. నన్ను మెచ్చుకున్నాడో ఏమో. నేను తల ఊపాను. ఏం తల ఊపానో!

పెద్దలు అక్కడే వరండా మెట్ల మీద మాట్లాడుకున్నారు. వాళ్లలో ఒక్కొక్క ఇంటికి ఇన్ని ఊళ్లని ఉంటాయి, ఆ ఊళ్లలో ఆ ఇంటివాళ్లే ఆడాలి. నిజం రోగం వచ్చినా మాట ప్రకారం ఇనాం అనక, డాక్టర్ల మీదికి చావు తెచ్చినవాడి ఇంటికి ఊళ్లు నిలవవన్నారు. ఇక ఏ దొర తమను గుమ్మం ఎక్కనిస్తాడన్నారు. ఆమె గొంతు చించుకుని అరిచింది. పెద్దల కాళ్ల మీద పడింది. ఒకడు ఆమెను పక్కకు తోశాడు. నేను కిటికీ వెనక నిలబడి అంతా విన్నాను. నేను బయటికి నడిచి ఒక్క మాట చెబితే ఆమె ఊళ్లు ఆమెకు ఉండేవి. ఎన్ని అడుగులు ఆ గుమ్మానికి? నడవలేదు. వారం తిరక్కుండా రోడ్డు పక్క గుడిసెలు లేచిపోయాయి.

ధనుర్వాతంతో చనిపోయాడని రాశారు. అది అబద్ధం కాదు. ఆ పుండు నా పిన్ను వల్లే అయిందా? చెప్పులు లేకుండా ఊరూరా తిరిగే మనిషి, ముల్లు దిగిందేమో. నేను గుచ్చిన చోటే ఉందా, కొంచెం పక్కన ఉందా? గుర్తు తెచ్చుకున్నప్పుడల్లా ఆ పుండు ఒక్కోసారి ఒక్కోచోట కనిపిస్తుంది. అది నాకు తెలియదు. తెలిసింది మాత్రమే రాస్తున్నాను.

పెద్దసారు ఆ ఆటలు ఆపేశారు. మా తర్వాత వచ్చినవాళ్లు మళ్లీ మనుషుల మీదే నేర్చుకున్నారు. ఆయన బదిలీ మీద పోయారు, తర్వాత కాలం చేశారు. చివరిదాకా తనే చంపానని అనుకుంటూ ఉండి ఉంటారు. నేను డాక్టరునయ్యాను, వైద్యం చదివే పిల్లలకు పాఠాలు చెప్పేవాణ్ణయ్యాను. మొదట్లో ఆ గుడిసెల కోసం వెతికాను. వెతికానంటే, బస్సులో పోతూ రోడ్డు పక్కకు చూశాను. అంతకంటే ఎక్కువ వెతకలేదు. ఎవరైనా కుర్రాళ్లు, రోగుల వేషం కట్టించి నేర్పితే బాగుంటుంది కదా సార్ అంటే, ఒకప్పుడు అలా చేసి ఒకడు చచ్చాడని చెప్పేవాణ్ణి. వేషగాళ్లను నమ్మలేం, ఆపే మాట అంటామని చెప్పి తీరా అనరు, అనేవాణ్ణి. అంటే ఆ అబద్ధం ఒక్కసారే చెప్పలేదు. ఏడాదికోసారి చెప్పాను, పాఠంలా చెప్పాను.

మొన్న నా వార్డులో ఒక కొత్త డాక్టరు ధనుర్వాతం వచ్చిన ఒక ఆడమనిషి నోట్లో చెంచా పెట్టి తిప్పుతుండగా చూశాను. దీపం వెలిగించి ఉంది, చుట్టూ జనం. ఆ మనిషి నోట నెత్తురు. నేను పరుగెత్తి ఆ డాక్టర్ని చాచి కొట్టాను. అందరి ముందూ. వెనక చేత్తో. కుర్రాడు చెంప పట్టుకుని, "మాకు ఎవ్వరు నేర్పిన్రు సార్?" అన్నాడు.

ఆ రోగి ఇంకా బతికే ఉంది. బతుకుతుందో లేదో తెలియదు. నేను ఇంటికి వచ్చి ఇది రాయడానికి కూర్చున్నాను.

రాసినంత మాత్రాన నర్సింలు భార్య ఊళ్లు ఆమెకు తిరిగి రావు. పెద్దసారు తన మీద వేసుకున్నది దిగదు. మీరు నన్ను క్షమించాలని అడగడం లేదు, అడిగే హక్కు లేదు, ఇచ్చే హక్కు మీకూ లేదు. ఆయన అడిగిన ప్రశ్న ఒకటి నా దగ్గర ఉండిపోయింది. ఆ గదిలో ఆ స్టూలు ముందు నిలబడే ఇన్నేళ్లు గడిపాను. జవాబు తెలిసినవాడు నర్సింలు పోయాక నేనొక్కణ్ణే. ఇప్పుడు చెబుతున్నాను.

అన్నడు సార్. రెండుసార్లు అన్నడు. నేను ఇన్న.